కుండెడు నీళ్లు, నూలు దారం: బౌద్ధ వివాహంలో నిరాడంబరత



మాకు అప్పగించిన విషయం చూడడానికి చిన్నది. కొద్దిమంది ఆత్మీయుల మధ్య, తక్కువ ఖర్చుతో పెళ్లి జరుపుకోవడం ఎలా అన్నది ఆ విషయం. అయితే ధమ్మదీక్ష తీసుకున్న కుటుంబానికి అసలు పరీక్ష ఎదురయ్యేది ఇక్కడే. ఉదయం ఇంట్లో బుద్ధవందన చేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. పెళ్లి అలా కాదు. మేనమామ, పెదనాన్న, వియ్యంకుడు, పేట పెద్దలు, అందరూ కలిసి నిర్ణయించే కార్యమది. ఇప్పుడు మన కుటుంబాల పెళ్లిళ్లలో పురోహితుడు లేడు. త్రిశరణ పంచశీల వచ్చింది. శుభలేఖ మీద బుద్ధుడు, బాబాసాహెబ్ వచ్చారు. ఇవి చిన్న మార్పులు కావు. కానీ ఫంక్షన్ హాలు, వెయ్యిమంది భోజనాలు, పెట్టుపోతలు, వాటికోసం రాసే ప్రామిసరీ నోటు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. క్రతువు మారి అప్పు మారకపోతే ఆ మార్పు సగమే జరిగినట్లు.

బౌద్ధ వివాహం ఎలా జరగాలో చెప్పమని బాబాసాహెబ్‌ను ఒకరు అడిగారు. 1956 డిసెంబరు 4న, అంటే మహాపరినిర్వాణానికి రెండు రోజుల ముందు, ఆయన జవాబు రాశారు. అది కొద్ది వాక్యాల ఉత్తరం. హోమం లేదు, సప్తపది లేదు. వధూవరుల మధ్య ఒక పీట. దాని మీద కొత్త మట్టికుండ. కుండ నిండా నీళ్లు. ఆ నీటిలో ఉంచిన నూలు దారం కొసను ఒకవైపు వధువు, మరొకవైపు వరుడు పట్టుకుని నిలబడాలి. ఎవరైనా ఒకరు మంగళ సుత్తం చదవాలి. ఇద్దరూ తెల్లని బట్టలు కట్టుకోవాలి. సారాంశం అంతే. 5 లక్షల మందితో కలిసి నాగపూర్‌లో దీక్ష జరిపిన కొద్ది వారాలకే ఆయన రాసిన మాటలివి. లక్షల జనాన్ని కూర్చగల నాయకుడు పెళ్లికి మాత్రం కుండను, దారాన్ని, చదివే ఒక గొంతును సరిపోతాయన్నారు.

ఆ కుండ గురించి ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగడానికి మనవాళ్లు ఊరేగింపుగా వెళ్లవలసి వచ్చింది. ఊరి బావి దగ్గర మన కుండను దూరంగా పెట్టించిన సమాజమిది. అలాంటి జనానికి పెళ్లిపీట మీద పెట్టమని బాబాసాహెబ్ సూచించింది బంగారం కాదు, అగ్ని కాదు, అంచుల దాకా నిండిన నీళ్ల కుండ. ఇంతకన్నా పెద్ద ఆభరణం మన పెళ్లికి ఏముంటుంది?

ఈ కుండ మన నేలకు కొత్త కూడా కాదు. అమరావతి మహాచైత్యానికి చెందిన ఒక ఫలకం మీద పూర్ణఘటం చెక్కి ఉంది. దాన్ని దానమిచ్చింది విధికుడనే చర్మకారుడు. శాసనంలో అతడు తన పేరు ఒక్కటే చెప్పుకోలేదు. తల్లితో, భార్యతో, సోదరులతో, కొడుకుతో, కూతుళ్లతో, బంధుమిత్రులతో కలిసి ఈ దానం చేశానని రాయించాడు. తోలు పనిచేసే ఒక గృహస్థుడు కృష్ణాతీరంలో తన కుటుంబాన్నంతటినీ నిండుకుండ పక్కన నిలిపాడు. ఆ ఇంటివాళ్లు ఎంతమందికి విందు పెట్టారో ఏ రాయీ చెప్పలేదు. వాళ్లు కలిసి ఏమి ఇచ్చారన్నదే మిగిలింది.

ఇక బాబాసాహెబ్ సొంత జీవితంలోని రెండు వివాహాలను చూద్దాం. రమాబాయితో ఆయన పెళ్లి బొంబాయిలోని బైకుల్లా మార్కెట్‌లో, బజారు ముగిసిన తర్వాత, ఒక షెడ్డులో జరిగింది. అంగళ్లవాళ్లు సరుకు పెట్టుకునే రాతి తిన్నెలే బంధువులకు బల్లలయ్యాయి. ఆ వేదికను ఎంచింది పేదరికం. రెండవ వివాహం 1948 ఏప్రిల్ 15న ఢిల్లీలో ఆయన నివాసంలోనే జరిగింది. అప్పటికి ఆయన స్వతంత్ర భారత న్యాయశాఖ మంత్రి, రాజ్యాంగ ముసాయిదా సంఘం అధ్యక్షుడు. డాక్టర్ శారదా కబీర్‌ను, అంటే తర్వాతి సవితా అంబేడ్కర్‌ను, కొద్దిమంది అతిథుల సమక్షంలో చట్టప్రకారం పెళ్లి చేసుకున్నారు. ఆయన పిలిస్తే రానివారెవరు? అయినా పిలవలేదు. మొదటి పెళ్లిలో నిరాడంబరత పరిస్థితి వల్ల వచ్చింది. రెండవదానిలో ఎంపిక వల్ల వచ్చింది. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే మేము ఈరోజు చెప్పదలచిన విషయం. గతిలేక చేసుకునే చిన్న పెళ్లి వేరు, స్థితి ఉండీ ఆలోచించి చేసుకునే చిన్న పెళ్లి వేరు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. అది న్యాయమైన ఆక్షేపణ కనుక దాన్ని దాటవేయకూడదు. “తరతరాలుగా మన పెళ్లి ఊరేగింపు ఊరి నడివీధిలోకి రాలేదు. మన పెళ్లికొడుకు గుర్రమెక్కితే రాళ్లు పడ్డాయి. నాలుగు డబ్బులు చేతికొచ్చి, పదిమందిని పిలిచి, తలెత్తుకుని పెళ్లి చేసే రోజు ఇప్పుడిప్పుడే వచ్చింది. ఇప్పుడు మీరొచ్చి చిన్నగా చేసుకోండి అంటారా?” అని పెద్దవాళ్లు అడుగుతారు. వాళ్ల మాటలో బాధ ఉంది, చరిత్ర ఉంది. 1980 మే నెలలో, నేటి ఉత్తరాఖండ్‌లోని కఫల్టా గ్రామంలో, పెళ్లికొడుకు పల్లకి దిగి నడవాలన్న ఆజ్ఞ దగ్గర మొదలైన ఘర్షణలో 14 మంది దళితులను చంపారు. పెళ్లి ఊరేగింపు మనకు ప్రాణాల మీది విషయమైన దేశమిది.

కాబట్టి మా జవాబు స్పష్టంగా ఉండాలి. నడివీధిలో ఊరేగే హక్కు మనది. ఆ హక్కును ఎవరు అడ్డుకున్నా సంఘంగా నిలబడి పోరాడవలసిందే. కానీ హక్కు వేరు, నిర్బంధం వేరు. గుర్రమెక్కే స్వేచ్ఛ కోసం పోరాడినవాళ్లు, ఎక్కకపోతే పరువు పోతుందన్న భయానికి లొంగితే ఆ స్వేచ్ఛ ఎవరిది? ఊరిపెద్ద ఇంటి పెళ్లిని కొలతగా పెట్టుకుని మన ఇంటి పెళ్లి చేస్తే, ఆ పెద్ద మన పెళ్లికి రాకపోయినా పందిట్లో పైచేయి ఆయనదే అవుతుంది. మన గౌరవానికి కొలబద్ద మన దగ్గరే ఉండాలి.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఒక కూలి కుటుంబమో, చిరుద్యోగి కుటుంబమో పెళ్లికోసం 5 లక్షలు అప్పు తెచ్చిందనుకుందాం. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 10,000, ఏడాదికి 1,20,000. అసలులో ఒక్క రూపాయి కూడా తగ్గదు. కొత్త దంపతులు కాపురం మొదలుపెట్టే నెల నుంచే తల్లిదండ్రుల ఇంట్లో తిండి తగ్గుతుంది. తర్వాతి బిడ్డ చదువు ఇంటర్మీడియెట్ దగ్గర ఆగుతుంది. ఒక్క పూట విందుకు అయిదారేళ్ల వడ్డీ. బిడ్డల చదువుకోసం జీవితమంతా తపించిన బాబాసాహెబ్ పటం కిందనే ఈ అప్పు పత్రం మీద సంతకం జరుగుతోంది.

భగవానుడు గృహస్థులకు ధనం గురించి చెప్పనిది లేదు. కోలియ దేశంలో దీఘజాణువు అనే గృహస్థుడు వచ్చి, భార్యాబిడ్డలతో సంసారంలో ఉన్న మాబోటివాళ్లకు పనికివచ్చే ధమ్మం చెప్పమని అడిగాడు. బుద్ధుడు చెప్పిన నాలుగింటిలో ఒకటి సమజీవితం. తక్కెడ పట్టినవాడు ముల్లు ఎటు వాలిందో చూసుకున్నట్టు గృహస్థుడు రాబడిని, ఖర్చును చూసుకోవాలి. రాబడికి మించి ఖర్చుచేసేవాణ్ణి మేడిపండ్లు తినేవాడితో పోల్చాడు. చెట్టంతా దులిపి, రాలినవాటిలో నాలుగు తిని, మిగతావి నేలపాలు చేసేవాడన్న మాట. మన విందుల్లో విస్తళ్లలో మిగిలిపోయే అన్నాన్ని చూసినవారికి ఈ ఉపమానం వేరే వివరించనక్కరలేదు. అదే సూత్రంలో మరో మాట కూడా ఉంది. రాబడి బాగా ఉండి కూడా పిసినారిగా బతికేవాణ్ణి కూడా బుద్ధుడు మెచ్చలేదు. చిన్న పెళ్లి అంటే పిసినారితనం కాదు. తక్కెడను సరిగా పట్టుకోవడం. సిగాలోవాద సుత్తంలో సంపాదనను నాలుగు భాగాలు చేయమన్నారు. ఒకటి అనుభవానికి, రెండు వృత్తి వ్యాపారాలకు, నాలుగవది ఆపదకు. పెళ్లి ఖర్చు మొదటి భాగంలోంచి రావాలి. నాలుగింటినీ మింగి, అయిదవదాన్ని వడ్డీకి తెచ్చేదిగా ఉండకూడదు.

ఇక ఆచరణ. మొదట పిలుపుల జాబితా. జాబితా పేర్లతో మొదలుపెట్టకండి, ప్రశ్నతో మొదలుపెట్టండి. రేపు ఈ దంపతుల మధ్య పొరపొచ్చం వస్తే ఎవరు వచ్చి కూర్చుని మాట్లాడతారు? ఈ అమ్మాయికి కష్టమొస్తే అర్ధరాత్రి ఎవరి తలుపు తడుతుంది? అలాంటివారి పేర్లు రాయండి. రెండు వైపులా కలిపి నలభై, యాభై దాటవు. వాళ్లే సాక్షులు. తక్కినవారికి కబురు వెళ్లాలి, గౌరవంగా వెళ్లాలి. పెళ్లయిన తర్వాత దంపతులు ఊరికి వచ్చి, పెద్దల ఇళ్లకు స్వయంగా వెళ్లి కనిపిస్తే, వెయ్యిమందిలో ఒకరిగా భోజనం చేసి వచ్చినదానికన్నా వారికి ఎక్కువ తృప్తి. పెళ్లికి కొద్దిమంది, కబురు అందరికీ: ఇదే పద్ధతి.

ఇక్కడ చదివింపుల సంగతి మరువకూడదు. చాలామంది తల్లిదండ్రులు పెద్ద పెళ్లికి మొగ్గుచూపేది ఆడంబరం కోసం కాదు. ఇరవై ఏళ్లుగా పదిమంది పెళ్లిళ్లకు చదివించి వచ్చారు. నోటుపుస్తకంలో ఆ లెక్క ఉంది. అది తిరిగి వచ్చేది తమ ఇంటి పెళ్లిలోనే. ఆ పెళ్లి చిన్నదైతే ఆ డబ్బు మునిగినట్లే అని వారి భయం. ఆ భయాన్ని ఎగతాళి చేయరాదు. అయితే చదివింపులు వచ్చే పెళ్లికి పెట్టే ఖర్చును కూడా అదే పుస్తకంలో రాసి చూడమని కోరండి. విందు ఖర్చు, హాలు అద్దె తీసివేస్తే చేతికి మిగిలేదెంతో తేలిపోతుంది. పైగా వచ్చిన ప్రతి రూపాయీ మళ్లీ తిరిగి ఇవ్వవలసిన బాకీయే. ఎవరో ఒక తరం ఈ గొలుసును తెంచాలి. ఇష్టమున్నవారు ఆ మొత్తాన్ని పేట పిల్లల పుస్తకాలకు ఇవ్వమని కోరవచ్చు. విధికుడు కుటుంబంతో కలిసి ఇచ్చినట్లు, అది రెండు కుటుంబాల పేరిట ఇచ్చిన దానమవుతుంది.

రెండవది తేదీ. జాతక కథల్లో నక్ఖత్త జాతకం ఉంది. పట్నంవాళ్లు పల్లెలో ఒక అమ్మాయిని మాట్లాడుకుని రోజు ఖాయం చేసుకున్నారు. ఆ తర్వాత తమ ఇంటి ఆజీవకుణ్ణి నక్షత్రం అడిగారు. తనను ముందే అడగలేదన్న కోపంతో అతడు ఆ రోజు మంచిది కాదన్నాడు. వాళ్లు వెళ్లలేదు. పల్లెవాళ్లు చూసి చూసి పిల్లను మరొకరికిచ్చి పెళ్లి చేశారు. నక్షత్రం చూసినవారికి మిగిలింది జగడమే. మనకు ముహూర్తం అక్కరలేదు కనుక అందరికీ సెలవు ఉన్న రోజే మంచిరోజు. ఊరంతా పెళ్లిళ్లు మానుకునే ఆషాఢం మనకు ధమ్మచక్క ప్రవర్తన జరిగిన మాసం. ఆ నెలలో హాళ్లు ఖాళీగా ఉంటాయి, వంటవాళ్లు దొరుకుతారు, బేరం మన చేతిలో ఉంటుంది.

మూడవది స్థలం, భోజనం. ఇంటి వసారా, మేడ మీద డాబా, విహారం, అంబేడ్కర్ భవనం, ఏదైనా చాలు. యాభైమందికి అన్నం, పప్పు, రెండు కూరలు, పెరుగు, ఒక తీపి ఇంట్లోనే వండవచ్చు. ఒక్క నియమం పెట్టుకుందాం. వండినవారు, వడ్డించినవారు, కుర్చీలు మోసినవారు కూడా అదే వరుసలో కూర్చుని తినాలి. పెళ్లివారి బంతి ఒకటి, పనివారి బంతి ఒకటి ఉంటే ధమ్మం ఆ పందిరిలోకి రాదు.

నాలుగవది విధానం. బుద్ధునికి పూలు, దీపం సమర్పించి, త్రిశరణ పంచశీల స్వీకరించాలి. తర్వాత నీటి కుండ, దారం, మహామంగళ సుత్తం. తల్లిదండ్రులను ఆదరించడం, భార్యాబిడ్డలను పోషించడం, కలతలేని వృత్తి చేయడం మంగళమని చెప్పే సూత్రమది. దాని తెలుగు అర్థాన్ని కూడా వినిపించాలి. ఆపైన సిగాలోవాద సుత్తంలోని ధర్మాలను ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోవాలి. భర్త భార్యను గౌరవించాలి, కించపరచకూడదు, నమ్మకం తప్పకూడదు, ఇంటి అధికారం ఆమె చేతికివ్వాలి, ఆభరణాలు ఇవ్వాలి. భార్య పనులను చక్కగా నడపాలి, ఇరువైపుల వారినీ ఆదరించాలి, నమ్మకం తప్పకూడదు, సంపాదనను కాపాడాలి, నేర్పుతో, శ్రద్ధతో మెలగాలి. ఇందులో ఒక సంగతి గమనించండి. ఆభరణం ఇవ్వవలసింది భర్త. పిల్లవైపువాళ్లు ఇవ్వాలన్న మాట ఇందులో ఎక్కడా లేదు. ఇదంతా గంటలో పూర్తవుతుంది.

ఎవరు జరిపించాలి? “ఎవరైనా ఒకరు” చదవాలనే బాబాసాహెబ్ రాశారు. శ్రీలంకలో కూడా పోరువ వేదిక మీద పెళ్లి జరిపించేది గృహస్థుడే. భిక్షువులు వేరుగా పరిత్త పఠనం చేసి ఆశీర్వదిస్తారు. కనుక మన పేటలో చక్కగా చదవగల ఉపాసిక ఉంటే ఆమె చేత చదివించండి. వధువు తల్లి చదివితే మరీ మంచిది.

అయిదవది, అన్నింటికన్నా ముఖ్యమైనది, రిజిస్ట్రేషన్. వెయ్యిమంది వచ్చిన పెళ్లికి జనమే సాక్ష్యం. యాభైమంది పెళ్లికి కాగితం సాక్ష్యం కావాలి. అది లేకపోతే రేపు నష్టపోయేది స్త్రీయే. 1955 హిందూ వివాహ చట్టం బౌద్ధులకూ వర్తిస్తుంది. ఆ చట్టం కింద నమోదు చేయించుకోవచ్చు. లేదా 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలోని వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి. 30 రోజులు గడిచాక, నోటీసిచ్చిన నాటి నుంచి మూడు నెలలలోపు, ముగ్గురు సాక్షుల ఎదుట వివాహం జరగాలి. అదనపు రుసుము చెల్లిస్తే కార్యాలయం బయట, సమీపంలోని మరో చోట కూడా జరిపించవచ్చు. దంపతులు కోరుకున్న పద్ధతిలో జరుపుకోవచ్చునని కూడా చట్టం చెబుతోంది. అధికారి, సాక్షులు వినేట్టు ఒకరినొకరు స్వీకరిస్తున్నామన్న మాట మాత్రం తప్పక చెప్పాలి. కుండ, దారం, రిజిస్టరు ఒకే గదిలో ఉండడానికి ఏ అడ్డంకీ లేదు. అబ్బాయికి 21, అమ్మాయికి 18 ఏళ్లు నిండాలన్న నియమానికి ఏ మినహాయింపూ లేదు.

ఇక రెండు హెచ్చరికలు. మొదటిది: చిన్న పెళ్లి పేరుతో కట్నం పెరగకూడదు. “పెళ్లి ఖర్చు మిగిలింది కదా, ఆ డబ్బేదో అబ్బాయి పేరున వేయండి” అనే మాట తీయగా వస్తుంది. అది ఏ రూపంలో వచ్చినా కట్నమే. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం తీసుకోవడమూ, ఇవ్వడమూ నేరమే. మిగిలిన డబ్బు అమ్మాయి చదువుకు గానీ, ఆమె పేర బ్యాంకు ఖాతాకు గానీ వెళ్లాలి. 1942లో నాగపూర్ మహిళా మహాసభలో బాబాసాహెబ్ స్త్రీలతో అన్నది ఇదే: పెళ్లయిన స్త్రీ భర్తకు స్నేహితురాలిగా, సమానురాలిగా నిలవాలి, బానిసగా కాదు అని. ఆ సమానత్వానికి ఆమె చేతిలో నాలుగు డబ్బులు ఉండాలి.

రెండవది: చిన్న పెళ్లి దొంగచాటు పెళ్లి కాకూడదు. కులాంతర వివాహం చేసుకునే జంటలకు అతిథులు తక్కువ కావడం ఎంపిక కాదు, అయినవాళ్లు రారు. కొన్నిసార్లు వచ్చేవారు కత్తులతో వస్తారు. 2018లో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు అలాంటి జంటలకు రక్షణ కల్పించాలని, సురక్షిత నివాసాలు ఏర్పాటుచేయాలని ప్రభుత్వాలను ఆదేశించింది. ఆ తీర్పు అమలుకావడానికి ముందే మనం చేయగలిగింది ఉంది. ఆ జంట వైపు ఖాళీగా ఉన్న కుర్చీల్లో మనం కూర్చోవచ్చు. మేనమామ లేని చోట సంఘంలోని పెద్ద నిలబడవచ్చు. సాక్షి సంతకానికి ముగ్గురు కావాలి. మన సంఘంలో ముప్పైమంది ఉండాలి.

అందుకే ఈ సభ ముందు మా విన్నపాలు మూడు. ప్రతి విహారమూ, ప్రతి అంబేడ్కర్ భవనమూ యాభైమంది లోపు పెళ్లికి ఉచితంగా ఇవ్వాలి. సుత్తాలను స్పష్టంగా, అర్థంతో చదవగల అయిదుగురు స్త్రీపురుషులను ప్రతి శాఖ తయారుచేయాలి. నోటీసు నింపడం నుంచి ధ్రువపత్రం చేతికందేవరకు తోడుండే ఒకరిని నియమించాలి. ఇక్కడున్న ఉన్నతోద్యోగులకు, వ్యాపారస్తులకు ప్రత్యేకంగా ఒక మాట. పేదవాడు చిన్న పెళ్లి చేస్తే లోకం జాలిపడుతుంది. స్థితిమంతులు చేస్తే దారి ఏర్పడుతుంది. ముందు మీ ఇంటి పెళ్లి చిన్నది కావాలి.

నకులపిత, నకులమాత అనే వృద్ధ దంపతులు బుద్ధుని వద్దకు వచ్చి, ఈ జన్మలోనూ మీదటా ఒకరినొకరు చూసుకుంటూ ఉండాలని ఉందన్నారు. దానికి బుద్ధుడు చెప్పిన దారి: ఇద్దరి శ్రద్ధ సమానంగా ఉండాలి, శీలం సమానంగా ఉండాలి, త్యాగం సమానంగా ఉండాలి, ప్రజ్ఞ సమానంగా ఉండాలి. దారానికి రెండు కొసలు, రెండు చేతులు, మధ్యన నిండుకుండ. ఎటు ఎక్కువ లాగినా దారం తెగుతుంది. ఆ దారాన్ని సమానంగా పట్టుకోవడం నేర్పేదే మన పెళ్లి కావాలి.

అందరికీ మంగళమగు గాక. నమో బుద్ధాయ. జై భీమ్.